లేచి నిలబడ్డ కోచ్

బందరు నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సు చల్లపల్లి చేరకముందే కిక్కిరిసిపోయింది. మోపిదేవిలో పిల్లలకి చెవులు కుట్టించడానికి బయలుదేరిన రెండు కుటుంబాలు పాలక్యాన్లతో, పూలబుట్టలతో, ముందే ఏడుపు మొదలుపెట్టిన పసివాళ్ళతో సగం బస్సు ఆక్రమించాయి. నేను కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను. ముసలివాళ్ళని చూసి లేచి చోటిచ్చే కాలం పోయిందని పత్రికల్లో చాలామంది బాధపడుతుంటారు. నాకా బాధ లేదు. అలాంటి కాలం ఒకటి ఉండేదని ఈ డెబ్భై నాలుగేళ్ళలో నాకెక్కడా రుజువు దొరకలేదు. అందుకని, కిటికీ పక్కన కూర్చున్న ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగేళ్ళ మనిషి ఉన్నట్టుండి లేచి నిటారుగా నిలబడేసరికి ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోతూనే వెళ్ళి ఆ చోట్లో కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, అతను లేచింది నాకోసం కాదని. చెవి దగ్గర ఫోనుంది.

"సార్... ఉన్నాను సార్... బస్సులోనే ఉన్నాను సార్... తీసుకొస్తాను సార్. రేపు పదింటికల్లా మీ టేబులు మీదుంటది సార్..."

అవతలి మనిషి ఎక్కడో గుడివాడ దగ్గరున్నాడు. ఇతను మాత్రం నడుం కొంచెం వంచి, ఎడమచెయ్యి పొట్టకి అడ్డంగా పెట్టుకుని, బస్సు కప్పుకి నమస్కారం చేస్తున్నట్టు నిలబడ్డాడు. బస్సు గుంటలో పడ్డప్పుడు కూడా ఆ చెయ్యి తీసి కమ్మీ పట్టుకోలేదు. వెళ్ళి పాలక్యాను పట్టుకున్నావిడ మీద పడ్డాడు.

"కళ్ళు కనపళ్ళేదా ఏందయ్యా?" అందావిడ.

"సారీ సార్," అన్నాడు ఆవిడతో కూడా.

ఫోను జేబులో పెట్టుకున్నాక నన్ను చూశాడు, నా కిందున్న తన సీటు చూశాడు. పక్కకి జరిగి, "సర్దుకుందాం కూర్చోవయ్యా," అన్నాను.

"పర్లేదండీ మాస్టారూ," అంటూనే అంచున కూర్చున్నాడు. నేను జన్మలో ఎవరికీ పాఠం చెప్పలేదు. కానీ ఈ వైపు ముసలివాడి చేతిలో పుస్తకం ఉంటే మాస్టారు, లేకపోతే పెద్దాయన.

"ఎవరయ్యా ఆ సారు?"

"మా ఛైర్మన్ గారండీ. గోవర్ధనరావు గారు. ఇంజనీరింగు కాలేజీ."

"ఆయన ఈ బస్సులో లేడు కదా. ఎందుకు లేచావు?"

అర్థం కానట్టు చూశాడు. కాసేపాలోచించి, "అలవాటండీ," అన్నాడు.

ఆ కాలేజీలో ఏం చేస్తావంటే కోచ్‌నన్నాడు. కబడ్డీయా అన్నాను. కాదన్నాడు. వాలీబాలా అన్నాను. "ఫోన్లో గేములండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ-స్పోర్ట్స్ అంటారండీ."

నేను నవ్వాను. దాచుకోలేదు. ఈ దేశంలో పిల్లల చేతుల్లోంచి ఫోను లాక్కోవడానికి ఒక మనిషిని పెట్టాల్సిన రోజుల్లో, చేతికిచ్చి ఇంకా బాగా ఆడమని చెప్పడానికి ఒకణ్ణి పెట్టారన్నమాట. అతను నొచ్చుకోలేదు. ఇలాంటి నవ్వులు అతనికి కొత్త కాదు. చల్లపల్లి వచ్చేసరికి అతని కథ సగం అయింది. నేను చల్లపల్లిలో దిగి ఘంటసాల వెళ్ళి అక్కడి బౌద్ధ స్తూపం మరోసారి చూద్దామని బయలుదేరినవాణ్ణి, దిగలేదు. ఆ రాళ్ళు రెండువేల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి.

అతని పేరు నాంచారయ్య. గిలకలదిండిలో పుట్టాడు. తండ్రి మరపడవ మీద సరంగు. అంటే పడవ నడిపేవాడు, వల ఎక్కడ వెయ్యాలో ఎప్పుడు తియ్యాలో చెప్పేవాడు. పదహారో ఏట తండ్రితో సముద్రం మీదికి వెళ్ళిన నాంచారయ్య ఒడ్డు కనుమరుగయ్యేలోపే మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. రెండోసారి వెళ్ళినప్పుడు ఐదుసార్లు. మూడోసారి తండ్రి ఎక్కించుకోలేదు. "నువ్వు చదువుకోరా. సముద్రానికి నీతో పనేం లేదు," అన్నాడట. ఆ మాట చెప్పి నాంచారయ్య నవ్వాడు. నాకు ఆ తండ్రి మీద గౌరవం కలిగింది. కొడుకు గురించి అంత క్లుప్తంగా చెప్పగలిగే తండ్రులు తక్కువ.

చదువంటే మా వైపు ఇంజనీరింగే. ఈ డెల్టాలో ఇంజనీరింగు కాలేజీల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే చేపల చెరువుల దగ్గర మొదలుపెట్టాలి. వరి గిట్టక చెరువులు తవ్వారు. చెరువులు బాగా గిట్టి కాలేజీలు కట్టారు. రెండుచోట్లా పిల్లల్ని వేలల్లో తెచ్చి పోస్తారు, లెక్కప్రకారం మేత వేస్తారు, ఎదిగారనిపించగానే లారీ ఎక్కించి దూరప్రాంతాలకి పంపేస్తారు. చెరువులో నీళ్ళు మారుస్తారు, అదొక్కటే తేడా. గోవర్ధనరావు చెరువులు చూసుకునే రోజుల్లో రోజుకి రెండుసార్లు గట్టు మీద తిరిగేవాడట. ఇప్పుడు కాలేజీ వరండాల్లో తిరుగుతాడు. అక్కడ చేపలు లేచి నిలబడేవి కావు. ఇక్కడ నిలబడతాయి. ఆ సుఖం మరిగినవాడు దాన్ని వదులుకోడు.

నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళు చదివి, నాంచారయ్య బందరు కోనేరు సెంటర్లో ఇంటర్నెట్ దుకాణం పెట్టాడు. ముందు గదిలో హాల్ టిక్కెట్ల ప్రింట్లు, వెనక పరదా చాటున కుర్రాళ్ళ తుపాకులాటలు. అందరి చేతికీ ఫోన్లొచ్చి దుకాణం మూతపడింది. ఆట మాత్రం ఫోన్లలోకి దూరి బతికింది. కరోనా రోజుల్లో వాడలో కుర్రాళ్ళు నలుగురిని కూర్చోబెట్టి ఒక జట్టు కట్టాడు. ఊరూ పేరూ లేని పోటీలు రెండు గెలిపించాడు.

"నువ్వు బాగా ఆడతావా?" అన్నాను.

"ఆడలేనండీ. చేతులు వణుకుతాయి. చూస్తానంతే."

ఆ ఆట ఏమిటో అతను చెప్పినంతలో చెప్తాను. వందమంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. దొరికిన తుపాకులు ఏరుకుంటారు. చుట్టూ ఒక వలయం అంతకంతకూ బిగిసిపోతూ ఉంటుంది. దాని బయట మిగిలినవాడు చస్తాడు. లోపలున్నవాణ్ణి ఇంకొకడు చంపుతాడు. నలుగురేసి ఒక జట్టు, చివరిదాకా మిగిలిన జట్టుది గెలుపు. ఇందులో ఆటేముందయ్యా, మన వైపు అన్నదమ్ముల పొలం పంపకాలు ఇలాగే జరుగుతాయి కదా అన్నాను. అతను మర్యాదకి నవ్వాడు.

చూడటం తప్ప ఏమీ రాని ఈ మనిషి ఒకటి మాత్రం సరిగ్గా చూశాడు. అది ఒప్పుకోవాలి. నలుగురు పిల్లలూ ఒకేసారి అరుస్తారు. అటు రా, ఇటు పో, వాడున్నాడు, నేను చచ్చాను. అందరి గొంతులూ అందరి చెవుల్లో. తండ్రి పడవ మీద ఇలా ఉండేది కాదు. వల పడేటప్పుడు సరంగు ఒక్కడే మాట్లాడతాడు. మిగతావాళ్ళు చెయ్యడమే, జవాబు చెప్పడం కూడా ఉండదు. వాంతులు చేసుకుంటూ కూడా నాంచారయ్య ఆ సంగతి గమనించాడు. జట్టులో ఒక్కళ్ళే మాట్లాడాలని నియమం పెట్టాడు. మాటలు కూడా ఇంగ్లీషులో వద్దన్నాడు. వెనక్కి తగ్గమనడానికి "ఒడ్డుకి", ముందుకి చొచ్చుకెళ్ళమనడానికి "లోతుకి". రెండు మాటలతో సగం ఆట నడిచిపోయేది.

ఈలోగా ఢిల్లీలో ప్రభుత్వం ఈ ఆటల్ని కూడా క్రీడల లెక్కలో చేర్చింది. పక్క కాలేజీవాళ్ళు గేటుకి బ్యానరు కట్టారు. గోవర్ధనరావుకి ఆ బ్యానరు కంట్లో నలుసైంది. వారంలో గది తయారైంది. రంగురంగుల దీపాలు, తిరిగే కుర్చీలు, గోడకి ఆయన ఫొటో. నాంచారయ్యని పిలిపించి తాత్కాలిక ఉద్యోగంలో పెట్టాడు. కబడ్డీ నేర్పే శ్రీహరి అనే ఆయన ఆ గది గుమ్మంలో నిలబడి, "కూర్చుని ఆడే ఆటకి కోచ్ ఎందుకు బావా, వడ్రంగి చాలు కదా, కుర్చీలు చూసుకోడానికి," అన్నాడట. మూడేళ్ళయినా ఆ మాట కాలేజీలో ఇంకా తిరుగుతోంది.

మూడేళ్ళూ నాంచారయ్య చేసిందేమిటంటే, ఫోన్లు ఛార్జింగు పెట్టడం, పిల్లల వేళ్ళకి చెమట పట్టకుండా పౌడరు రాయించడం, హాజరు కోసం లెక్చరర్ల చుట్టూ తిరగడం, ఛైర్మన్ గారి ఫొటో తుడిపించడం. ఓడిపోవడం కూడా. హారిక వచ్చేదాకా వాళ్ళు ఎక్కడా పదో స్థానం దాటలేదు.

హారిక దివిసీమ పిల్ల. సముద్రం ఒడ్డున జాలరిపల్లె. ఆ గదిలోకి ఆడటానికి రాలేదు. హాస్టల్లో ప్లగ్గులు చాలక ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి వచ్చింది. గోడకానుకుని నిలబడి కాసేపు చూసి, "వాడు చచ్చిపోతాడు సార్," అంది. వాసు అనే కుర్రాడి బొమ్మ ఐదు సెకన్లలో చచ్చిపోయింది. "ఎలా చెప్పావమ్మా?" అంటే, "ఆ కాలవ దగ్గర నీడ చూళ్ళేదా సార్," అంది. నాంచారయ్య మర్నాడే ఆ పిల్లని జట్టుకి సరంగు చేశాడు. జట్టులో మిగతా వాసు, అంజి, గిరిధర్ ముగ్గురూ ఎదురుతిరిగారు.

"అమ్మాయి చెప్తే మేం వినాలా సార్?"

"వినకండి," అంది హారిక. "చచ్చిపోండి. నాకేంటి?"

మూడురోజులు వినలేదు, మూడురోజులూ చచ్చిపోయారు. నాలుగోరోజు నుంచి విన్నారు. కోచింగులో నాంచారయ్య చేసిన ఘనకార్యం ఏదైనా ఉంటే ఆ మూడురోజులూ నోరు మూసుకుని కూర్చోవడం. కూర్చోవడం అతనివల్ల అయిన రోజులు బహుశా అవే.

ఇక పోయిన గురువారం సంగతి. ఈ కోస్తా కాలేజీలు పదహారు పోటీపడ్డాయి. ఎవరి కాలేజీలో వాళ్ళు కూర్చుని ఫోన్ల మీద ఆడటమే. మొదటి ఐదు స్థానాల్లో వచ్చినవాళ్ళు విజయవాడలో ఫైనల్సుకి వెళ్తారు. ఆట ఆఖరికొచ్చింది. వలయం బిగుస్తోంది. జట్లు ఏడు మిగిలాయి. హారిక జట్టు నలుగురూ బతికే ఉన్నారు. ఒక పొలం దాటుతున్నారు. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎవరో పరిశీలన బృందం వస్తే, గోవర్ధనరావు వాళ్ళకి తన కొత్త గది చూపించడానికి తీసుకొచ్చాడు.

నాంచారయ్య లేచాడు.

ఇది చెప్పేటప్పుడు బస్సు మోపిదేవి గుడి దగ్గర ఆగింది. పాలక్యాన్లు దిగుతున్నాయి. అతను ఆ దిగేవాళ్ళని చూస్తూ చెప్పాడు, నన్ను చూడలేదు. ఆకాశం విరిగి మీద పడ్డా తెర మీంచి కన్ను తియ్యొద్దని రెండేళ్ళు నూరిపోసిన మనిషి, చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోను తీగ తెగేలా లేచి, చేతులు జోడించి, "నమస్కారం సార్," అన్నాడు. కోచ్ లేచాడు కదా అని వాసు లేచాడు. అంజి లేచాడు. గిరిధర్ ఫోను కూడా బల్ల మీద పెట్టి లేచాడు. ముగ్గురూ ఇక్కడ వినయంగా నిలబడ్డారు. అక్కడ వాళ్ళ బొమ్మలు పొలం మధ్యన నిలబడ్డాయి. ఎనిమిది సెకన్లు పట్టిందట ముగ్గురినీ కాల్చడానికి.

నేను పుస్తకాల్లో చదివిన ఓటములు చాలా ఉన్నాయి. ద్రోహం వల్ల ఓడినవాళ్ళు, మందుగుండు తడిసి ఓడినవాళ్ళు. గౌరవం వల్ల ఎనిమిది సెకన్లలో చచ్చిన సైన్యం గురించి ఎక్కడా చదవలేదు. కానీ ఇది మన నేలలో పండేదే. బందరు రేవులో డచ్చివాళ్ళు దిగితే లేచారు, ఫ్రెంచివాళ్ళు దిగితే లేచారు, ఇంగ్లీషువాళ్ళు దిగినప్పుడు ఇంక కూర్చోవడం ఎందుకని నిలబడే ఉన్నారు. అంతకన్నా వెనక్కి వెళ్తే, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలపు కృష్ణాతీరం శిల్పాల్లో ఖాళీ ఆసనం ఒకటుంటుంది. చుట్టూ మనుషులు చేతులు జోడించి ఉంటారు. అది చెక్కినవాడి భక్తి వేరు, దాన్ని నేను వెక్కిరించను. కానీ ఫోన్లో ఛైర్మన్ గొంతు విని బస్సులో లేచేవాడి ముందు కూడా ఉన్నది ఖాళీ ఆసనమే.

హారిక లేవలేదు. లేవకపోగా, తల తిప్పకుండా, ఎడమచేతి అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు తలుపు వైపు చూపించింది. మళ్ళీ ఆ చేత్తో ఫోను పట్టుకుని, ఒక్కతే వంతెన కింద నీళ్ళలో దాక్కుని, వాళ్ళూ వాళ్ళూ చంపుకునేదాకా ఓపికపట్టి, జట్టుని నాలుగో స్థానంలో నిలబెట్టింది. ఫైనల్సుకి అర్హత వచ్చింది. గోవర్ధనరావు చూసింది నాలుగో స్థానం కాదు. అరచెయ్యి. వచ్చినవాళ్ళలో ఒకాయన నవ్వాడు కూడాను. "ఎవరా పిల్ల?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఆ పిల్ల లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. చెప్తే జట్టు ఆదివారం విజయవాడ వెళ్తుంది, నాంచారయ్య ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పడుతుంది. చెప్పకపోతే జట్టూ లేదు, కోచూ లేడు. హారిక ఆ రాత్రే సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

క్షమాపణ పత్రం తయారుచేసి, సంతకం కోసం ఆ పిల్ల ఇంటికి వెళ్తున్నాడు నాంచారయ్య.

"ఉద్యోగం కోసమేనా ఇంత తిప్పలు?"

"ఉద్యోగం ఒకటేనాండీ? విజయవాడలో స్టేజి మీద ఆడిస్తారు. టీము వెనకాల కోచ్‌కి ఒక కుర్చీ వేస్తారండీ మాస్టారూ. పెద్ద తెర మీద మన మొహం కూడా చూపిస్తారు. కాలేజీలో చేరిందగ్గర్నుంచీ ఓడిన టీములకే కోచ్‌ని. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చోవాలండీ."

అవనిగడ్డలో దిగి ఇద్దరం కోడూరు ఆటో ఎక్కాం. నేనెందుకు ఎక్కానని అతను అడగలేదు. కోడూరు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఒక పల్లె దగ్గర దిగి, ఆరేసిన వలల పక్కనుంచి నడిచాం.

ఇంటిముందు తాటాకు పందిరి కింద ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని ఎండు మెత్తళ్ళ చేపలు ఏరుతోంది. హారిక నాయనమ్మ, సత్యవతమ్మ.

"ఎవరయ్యా?"

"నేనండీ, హారిక వాళ్ళ కాలేజీ..."

"ఓహో. ఆ లేచినాయనవి నువ్వేనా!" అందావిడ సంతోషంగా. "కూర్చో బాబూ, కూర్చో. నిలబడి నిలబడి అలిసిపోయుంటావు. మీరు కూడా కూర్చోండి పెద్దాయనా."

లోపల్నుంచి హారిక వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, చేతులు తడిగా ఉన్నాయి. కోచ్‌ని చూసి ఆశ్చర్యపోలేదు.

"మీరొక్కరే వచ్చారా సార్? ఛైర్మన్ గారు రాలేదా? వస్తే చెప్పండి, ఈసారి మా పల్లె పల్లెంతా లేస్తాం."

"అలా మాట్లాడకమ్మా," అన్నాడు నాంచారయ్య. కవరులోంచి కాగితం తీసి ఇచ్చాడు. "చదివి సంతకం పెట్టు. అంతే. ఇంకేం అక్కర్లేదు."

హారిక పైకి చదివింది. "గౌరవనీయులైన ఛైర్మన్ గారి దివ్యసముఖమునకు. తమరు పరిశీలక మహాశయులతో విచ్చేసిన శుభసమయమున, నేను అజ్ఞానముచేతను, అహంకారముచేతను ఆసనము నుండి లేవక, పైపెచ్చు అరచేతిని ప్రదర్శించి..."

"ఇదెవరు రాశారే?" అంది సత్యవతమ్మ.

"సారే రాశారు మామ్మా."

"బాగుంది. పెళ్ళి శుభలేఖలాగుంది."

హారిక కాగితం కిందికి దించింది. "సార్, ఒకటడుగుతా. నేను కూడా లేచుంటే మనం విజయవాడ వెళ్ళేవాళ్ళమా?"

"వెళ్ళేవాళ్ళం కాదమ్మా."

"మరి క్షమాపణ దేనికి?"

"ఆయన ఛైర్మన్ గారమ్మా."

"ఆయన సంగతి వదిలెయ్యండి. ఆయనకి ఆట తెలీదు. మీకు తెలుసు. మీరెందుకు లేచారు?"

నాంచారయ్య మెత్తళ్ళ బుట్ట వైపు చూశాడు. "కాళ్ళు వాటంతటవే లేచినయ్యమ్మా. నేను లేవలా."

"కాళ్ళు లేస్తే లేచినయ్యి సార్. నోరుంది కదా. 'మీరు లేవద్దురా' అని ఒక్క మాట. ఒక్క గొంతే వినపడాలని నేర్పింది మీరే. ఆరోజు మా వాళ్ళకి వినపడిన ఒక్క గొంతు, 'నమస్కారం సార్'."

పిల్ల ఆ కాగితాన్ని చింపేస్తుందని నేననుకున్నాను. నిజం చెప్పాలంటే చింపుతుంటే చూద్దామనే అంతదూరం వచ్చాను. ఆ పిల్ల నన్ను నిరాశపరిచింది.

"పెన్నుందా?" అంది.

నాంచారయ్య చొక్కా జేబంతా తడుముకున్నాడు. నేను నాదిచ్చాను. బుట్ట మూతమీద కాగితం పెట్టి చకచకా సంతకం చేసింది. "ఆయనకి కాగితం కావాలి, నాకు ఆట కావాలి. దీనికి నేనెందుకు ఏడవాలి?" అంది వాళ్ళ మామ్మతో.

నాంచారయ్య మొహం చూడాలి. పోటీ గెలిచినవాళ్ళ మొహాలు కూడా అంతగా వెలగవు. తొందరతొందరగా కవరులోంచి ఫైనల్సు పాసులు తీశాడు. మెడలో వేసుకునే కార్డులు, నీలం తాళ్ళు. నాలుగు ఆటగాళ్ళవి, ఒకటి కోచ్‌ది. హారిక తన కార్డు తీసుకుంది. సంతకం చేసిన కాగితం మాత్రం ఇవ్వలేదు. చెయ్యి చాపే ఉంచింది.

"అది కూడా ఇవ్వండి సార్."

"ఇది కోచ్ పాసమ్మా."

"తెలుసు. మామ్మ వస్తుంది."

అతను నవ్వాడు, తమాషా అనుకుని. తరవాత ఆ పిల్ల మొహం చూసి నవ్వు ఆపేశాడు. "మామ్మకి గేము గురించి ఏం తెలుసమ్మా?"

"ఏం తెలీదు. ఒకసారి చూసి, ఆ వలయం ఉప్పెనలాగ ఉందే, దీవి మీదికి ఎందుకు దూకుతున్నార్రా వెధవల్లారా అంది. అంతే తెలుసు. కానీ ఎవరొచ్చినా లేవదు."

"మోకాళ్ళు బాబూ," అంది సత్యవతమ్మ సంజాయిషీగా. "ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేను. మంత్రిగారొచ్చినా అంతే. ఏం చెయ్యను?"

"రిజిస్టరులో నా పేరుందమ్మా హారికా..."

"ఉండనివ్వండి సార్. పేరు మీదే. పర్మనెంటు ఆర్డరు మీదే. పేపర్లో ఫొటో కూడా మీదే. కుర్చీ ఒక్కటి మామ్మది. కాగితం కావాలంటే అదివ్వండి."

"నేను రెండేళ్ళు నేర్పానమ్మా మీకు!"

"నేర్పారు సార్. కాదన్లేదు. ఒడ్డుకీ లోతుకీ మీరు నేర్పినవే. విజయవాడకి ఛైర్మన్ గారు వస్తున్నారా?"

"వస్తారు. ముందు వరసలో సీటు..."

"మధ్యలో వస్తారా, మొదట్లోనే వస్తారా?"

నాంచారయ్యకి జవాబు తెలుసు. ఆ జవాబు పందిరి కింద ఉన్న అందరికీ తెలుసు. అలాంటివాళ్ళు మధ్యలోనే వస్తారు.

నేను కల్పించుకోకుండా ఉండాల్సింది. ఉండలేకపోయాను. "ఏమయ్యా, ఆయనొస్తే ఈసారి లేవకుండా ఉండగలవా? ఉండగలనని మాటివ్వు. ఈ పిల్ల ఒప్పుకోవచ్చు."

హారిక అతని వైపు చూసింది. మాటిస్తే ఒప్పుకునేదేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. అబద్ధమైనా సరే, ఆ ఒక్క మాట చాలు, కుర్చీ అతనిదే. నాంచారయ్య తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. అవి తనవేనా కాదా అని పోల్చుకుంటున్నట్టు.

"తెలీదండీ," అన్నాడు.

పొద్దున్నుంచి అతన్ని మనసులో వెక్కిరిస్తూ వచ్చాను. ఈ ఒక్క చోట వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు. కోచ్ అన్నవాడు తన జట్టులో ఎవరు ఎక్కడ విరిగిపోతారో కొలిచి చెప్పాలి. అతను కొలిచి చెప్పాడు, తన గురించే.

ఐదో కార్డు తాడు నీట్‌గా చుట్టి బుట్ట మూతమీద పెట్టాడు. హారిక కాగితం ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, కవరులో పెట్టి, కవరు చొక్కా లోపల దోపుకున్నాడు.

"మజ్జిగ తాగి వెళ్ళు బాబూ," అంది సత్యవతమ్మ.

అతను అప్పటికే పందిరి దాటాడు. తన వెంట అంతదూరం వచ్చిన నావైపు ఒకసారైనా తిరగలేదు. ఎండలో పరిచిన వలలు తొక్కకుండా, వాటి అంచు వెంబడే చూసుకుంటూ నడిచి, రోడ్డెక్కి, ఆటో కోసం ఆగకుండా కోడూరు వైపు వెళ్ళిపోయాడు.